జ్యూరీ చట్టాన్నే పక్కన పెట్టొచ్చా? మన దగ్గర చెడ్డ చట్టాన్ని కొట్టించాలంటే దారేది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మొదటిది: డల్లాస్‌లో ఉంటున్న మీ అన్నయ్యకి సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాదికే జ్యూరీ డ్యూటీ సమన్స్ వచ్చింది, అంటే మామూలు పౌరుల బృందంలో కూర్చుని ముద్దాయి దోషా నిర్దోషా తేల్చే పనికి కోర్టు పిలుపు. చట్టం అన్యాయంగా ఉందనిపిస్తే నేరం రుజువైనా సరే జ్యూరీ ముద్దాయిని వదిలేయొచ్చని, దాన్ని జ్యూరీ నల్లిఫికేషన్ అంటారని ఆఫీసులో ఎవరో చెప్పారు. నిజమేనా, అలా చేస్తే తనని జైల్లో పెడతారా అని ఆయన టెన్షన్. రెండోది మీది: మన దేశంలో జ్యూరీ లేదు కదా, రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం ఉంటే మామూలు మనిషి ఏం చేయగలడు?

ముందే చెప్తున్నాను, నేను అమెరికా లాయర్ని కాను. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్ల పైన ప్రాక్టీసు, ఎక్కువగా క్రిమినల్ కేసులు, రిట్లు. అమెరికా సంగతి చదివి, కొంత కళ్లారా చూసి తెలుసుకున్నది.

సూటిగా జవాబు: జ్యూరీకి ఆ శక్తి ఉంది, హక్కు మాత్రం లేదు. పన్నెండు మందీ ఒక్క మాట మీద "నిర్దోషి" అంటే ఎందుకన్నారని ఎవరూ అడగలేరు. ఆ మాట అన్నందుకు జ్యూరర్‌ని శిక్షించలేరు. ప్రభుత్వం అప్పీలుకు పోవడానికి లేదు, అదే నేరానికి ఆ మనిషిని మళ్లీ విచారించడానికి వాళ్ల రాజ్యాంగం ఐదో సవరణ ఒప్పుకోదు. కానీ "మీరు చట్టాన్ని పక్కన పెట్టొచ్చు" అని జడ్జి జ్యూరీకి చెప్పడు, లాయర్‌ని చెప్పనివ్వడు. ఇంకో ముఖ్యమైన సంగతి, జ్యూరీ వదిలేసినంత మాత్రాన చట్టం చావదు. ఆ ఒక్క ముద్దాయి ఇంటికి వెళ్తాడు, అంతే. రేపు పొద్దున అదే సెక్షన్ కింద పక్కింటివాణ్ణి పట్టుకోవచ్చు. చట్టాన్నే కొట్టించాలంటే అక్కడైనా ఇక్కడైనా జడ్జి ముందుకు వెళ్లాల్సిందే. మన దగ్గర ఆ దారి రాజ్యాంగంలోని 226, 32 ఆర్టికల్స్, అంటే హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో రిట్ పిటిషన్ వేయడం.

ఇక వివరంగా.

ఈ శక్తి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1670లో లండన్‌లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు క్వేకర్లు (అధికార చర్చికి దూరంగా ఉన్న ఒక క్రైస్తవ శాఖవాళ్లు) వీధిలో మతబోధ చేశారని కేసు పెట్టారు. తర్వాత పెన్సిల్వేనియా స్థాపించింది ఈ పెన్నే. అధికార చర్చికి బయట గుమిగూడి ప్రార్థన చేయడం అప్పటి చట్టం ప్రకారం నేరం. జ్యూరీ "వీధిలో మాట్లాడాడు, నిజమే" అంది గానీ "చట్టవిరుద్ధంగా గుమిగూడారు" అనే ముక్క కలపడానికి ఒప్పుకోలేదు. జడ్జీలకు కోపం వచ్చింది. తిండి, నీళ్లు, చలిమంట లేకుండా గదిలో పెట్టి తాళం వేశారు. అయినా మాట మార్చలేదు. చివరికి జరిమానా వేశారు. ఎడ్వర్డ్ బుషెల్ అనే జ్యూరర్ కట్టనని జైలుకెళ్లి, అక్కడి నుంచి హెబియస్ కార్పస్, అంటే అక్రమంగా నిర్బంధించారు విడిపించండనే పిటిషన్, వేశాడు. చీఫ్ జస్టిస్ వాన్ అతన్ని వదిలేస్తూ, తీర్పు నచ్చలేదని జ్యూరర్‌ని శిక్షించడం కుదరదని తేల్చాడు. మీ అన్నయ్య భయానికి మందు అక్కడుంది, మూడున్నర శతాబ్దాల నాటిది. (హెబియస్ కార్పస్ అనగానే మా తరం తెలుగు లాయర్లకి పోలీసులు తీసుకెళ్లిన కుర్రాళ్లు, కోర్టు మెట్ల మీద వాళ్ల తల్లులు గుర్తొస్తారు. దాని పుట్టింట్లో జ్యూరర్లని విడిపించడానికి కూడా అదే పనికొచ్చింది.)

అమెరికాలో పేరుమోసింది 1735 నాటి న్యూయార్క్ కేసు. జాన్ పీటర్ జెంగర్ అనే ప్రింటర్ గవర్నర్ కాస్బీని తిడుతూ వచ్చిన రాతలు అచ్చువేశాడు. అప్పటి చట్టంలో రాసింది నిజమా కాదా అన్నది అనవసరం, పాలకుడి పరువు పోతే చాలు నేరమే. అతని లాయర్ ఆండ్రూ హామిల్టన్ "అవును, మా క్లయింటే అచ్చువేశాడు" అని ఒప్పేసుకుని, ఇక మీరే చూసుకోండని జ్యూరీ మీద వదిలేశాడు. కాసేపట్లోనే నిర్దోషి అన్నారు. ప్రాక్టీసులో ఉన్నవాడిగా చెప్తున్నాను, నేరం చేసినట్టు ఒప్పుకుని వాదించడానికి ఎంత గుండె కావాలో!

1850లో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. ఉత్తరాది రాష్ట్రాలకు పారిపోయి వచ్చిన నల్లజాతివాళ్లని పట్టి యజమానికి అప్పగించాలి, సాయం చేసినవాడు నేరస్థుడు. మరుసటి ఏడాదే బోస్టన్‌లో షాడ్రాక్ మింకిన్స్ అనే అతన్ని జనం కోర్టు హాల్లోంచే ఎత్తుకుపోయి కెనడా దాటించారు. ఆ కేసులో ఎవరినీ దోషిగా తేల్చడం ప్రభుత్వం వల్ల కాలేదు. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్నప్పుడు కూడా చాలాచోట్ల జ్యూరీలు సారా కేసుల్లో శిక్ష వేయడానికి మొరాయించాయి.

ఇవన్నీ చదివి జ్యూరీకి దండం పెట్టాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగండి.

1955. మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాణ్ణి కొట్టి, కాల్చి, ఏట్లో పడేశారు. ఇద్దరు తెల్లవాళ్ల మీద కేసు. పన్నెండు మందీ తెల్ల మగవాళ్లున్న జ్యూరీ గంటకు కాస్త పైన కూర్చుని నిర్దోషులంది. మరుసటి ఏడాది ఆ ఇద్దరూ ఒక పత్రిక దగ్గర డబ్బు తీసుకుని, అవును మేమే చంపాం అని చెప్పుకున్నారు. హత్యకి వాళ్లని మళ్లీ విచారించలేకపోయారు, జ్యూరీ ఒకసారి వదిలేసినవాణ్ణి అదే నేరానికి మళ్లీ విచారించకూడదన్న రూలు అడ్డం. జ్యూరీ మాటే ఆఖరు అన్న సూత్రం ఒకప్పుడు బుషెల్‌ని కాపాడింది, ఇక్కడ వాళ్లనీ కాపాడింది. ఈ శక్తికి కారణం చెప్పాల్సిన పని లేదు. అందులో ఉన్న బలం అదే, ప్రమాదమూ అదే. మనస్సాక్షితో వదిలారా, కులమో రంగో చూసి వదిలారా అన్నది "నిర్దోషి" అన్న ఒక్క మాటలో కనపడదు.

అందుకే అక్కడి కోర్టులు ఒక మధ్యేమార్గం పట్టుకున్నాయి. 1895లో స్పార్ఫ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, చట్టం ఏమిటన్నది జడ్జి చెప్తాడు, వాస్తవాలు జ్యూరీ తేలుస్తుంది, చట్టాన్ని కాదనే అధికారం ఉందని జడ్జి చెప్పనక్కర్లేదు అంది. వియత్నాం యుద్ధం రోజుల్లో, 1972లో, వాషింగ్టన్ అప్పీలు కోర్టు డోగర్టీ కేసులో అదే మళ్లీ చెప్పింది. శక్తి ఉంటుంది, దాని గురించి మాట్లాడం. మన ఇళ్లలో కొన్ని విషయాల్లాగే.

1997లో న్యూయార్క్ ప్రాంతపు అప్పీలు కోర్టు థామస్ కేసులో ఇంకో అడుగు వేసింది. చట్టాన్ని పాటించనని జ్యూరర్ ముందే తీర్మానించుకున్నాడని నిస్సందేహంగా తేలితే విచారణ మధ్యలో తీసేయొచ్చంది. అదే తీర్పులో, సాక్ష్యం చాల్లేదని నమ్మి అడ్డం తిరిగిన జ్యూరర్‌ని మాత్రం ముట్టుకోవద్దనీ అంది.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. 2017లో మా అమ్మాయి కాన్పుకని న్యూజెర్సీ వెళ్లాం. మా ఆవిడ పత్యం వంటల్లో మునిగిపోయింది. నాకేమీ తోచక కౌంటీ కోర్టుకి వెళ్లి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి. ఎవరైనా వెళ్లొచ్చు, పాసూ గీసూ అక్కర్లేదు, చెకింగ్ ఒక్కటే. ఆ రోజు గంజాయి అమ్మాడన్న కేసుకి జ్యూరీని ఎంచుతున్నారు. ఒక్కొక్కరినీ జడ్జి అడుగుతున్నాడు: "నేను చెప్పే చట్టం మీకు నచ్చకపోయినా దాని ప్రకారం నడుచుకుంటారా?" అల్లిక టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ కాసేపు ఆలోచించి, "గంజాయికి మనిషిని జైల్లో పెట్టడం నాకు సమ్మతం కాదు, మాట ఇవ్వలేను" అంది. జడ్జి చిరునవ్వుతో థాంక్స్ చెప్పి పంపేశాడు. రెండు నిమిషాలు పట్టలేదు. కోప్పడలేదు, పాఠం చెప్పలేదు. ఆవిడ టోపీ సర్దుకుని వెళ్లిపోయింది.

మీ అన్నయ్య తెలుసుకోవాల్సింది ఇదే. ఆ ప్రశ్న అడిగినప్పుడు నిజం చెప్పాలి. ప్రమాణం చేసి అబద్ధం చెప్తే అది వేరే నేరం, తీర్పుకి ఉన్న రక్షణ దానికి లేదు. 1990ల్లో కొలరాడోలో ఒక జ్యూరర్ మీద ఇలాగే, ముందే తన అభిప్రాయాలు దాచిందని కోర్టు ధిక్కారం కేసు పెట్టి శిక్ష కూడా వేశారు. పైకోర్టులో కొట్టేశారనుకోండి, కానీ అన్నేళ్లు తిరిగింది కదా. ఇంకోటి, ఒక్కడు అడ్డం తిరిగితే ముద్దాయి విడుదలైపోడు. తీర్పు ఏకగ్రీవంగా ఉండాలి, 2020 నుంచి తీవ్రమైన నేరాల్లో అన్ని రాష్ట్రాల్లోనూ ఇదే రూలు. పదకొండు మంది ఒకవైపు, ఒకడు ఒకవైపు ఉంటే ఆ విచారణ చెల్లదు, ప్రభుత్వం కావాలనుకుంటే మళ్లీ మొదటినుంచి నడుపుతుంది. సినిమా హీరోలా తానొక్కడే నిలబడి న్యాయం చేసేస్తానని బయల్దేరవద్దని చెప్పండి. పోలీసు సాక్ష్యం నమ్మశక్యంగా లేకపోతే ఆ మాట గట్టిగా చెప్పి నిలబడటం మాత్రం ఆయన డ్యూటీయే. అది నల్లిఫికేషన్ కిందికి రాదు.

కోర్టు బయట దీని గురించి మాట్లాడితే నేరమా? కాదనే వస్తోంది. న్యూయార్క్‌లో ఫెడరల్ కోర్టు ముందు కరపత్రాలు పంచిన ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ మీద పెట్టిన కేసుని 2012లో కొట్టేశారు. లండన్‌లో 2023లో ఒక రిటైర్డ్ సోషల్ వర్కర్, జ్యూరర్లు మనస్సాక్షి ప్రకారం వదిలేయొచ్చని రాసిన అట్ట పట్టుకుని కోర్టు బయట నిలబడింది. కోర్టు ధిక్కారమని ప్రభుత్వం వెంటపడితే మరుసటి ఏడాది హైకోర్టు ఒప్పుకోలేదు. బుషెల్, అతని తోటి జ్యూరర్ల పేరు మీద లండన్‌లోని పెద్ద క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీలోనే రాతిఫలకం ఉంది. లోపల గోడ మీద ఉన్నదే ఆవిడ బయట అట్ట మీద రాసింది.

ఇక మన సంగతి. మనకీ జ్యూరీ ఉండేది, చాలామందికి తెలియదు. 1908లో తిలక్ మీద రాజద్రోహం కేసు బొంబాయి హైకోర్టులో జ్యూరీ ముందే నడిచింది. తొమ్మిది మందిలో ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. ఏడు-రెండుతో దోషి అన్నారు, ఆరేళ్లు బర్మాలోని మాండలే జైలు. జ్యూరీ ఏమన్నా నేను నిర్దోషినే అని ఆయనన్న మాటలు ఇప్పుడు ఆ కోర్టు గోడ మీదే చెక్కి ఉన్నాయి. జెంగర్‌కి దొరికింది తన ఊరి జ్యూరీ, తిలక్‌కి దొరికింది పాలకుల జ్యూరీ. తేడా అంతా అక్కడే.

నానావతి కేసు అందరికీ తెలుసు. 1959 ఏప్రిల్‌లో నేవీ కమాండర్ కె.ఎం. నానావతి భార్య స్నేహితుణ్ణి కాల్చాడు, బొంబాయి సెషన్స్ కోర్టులో జ్యూరీ ఎనిమిది-ఒకటితో నిర్దోషి అంది. ఇక్కడే అమెరికాకీ మనకీ ఉన్న అసలు తేడా బయటపడుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 307 సెక్షన్ అని ఒకటుండేది. జ్యూరీ మాట బొత్తిగా కుదరదని సెషన్స్ జడ్జి అనుకుంటే కేసుని హైకోర్టుకి పంపేయొచ్చు. అదే చేశారు. హైకోర్టు జీవితఖైదు వేసింది, 1961 నవంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది మన రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు గారు. అంటే జ్యూరీ ఉన్న రోజుల్లో కూడా సెషన్స్ కోర్టుల్లో చట్టాన్ని పక్కన పెట్టే శక్తి దానికి పూర్తిగా ఇవ్వలేదు. తెల్లవాడు తన దేశంలో ఇచ్చిన తాళంచెవి ఇక్కడ తన జేబులోనే పెట్టుకున్నాడు.

నానావతి వల్లే జ్యూరీ పోయిందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది అంత నిజం కాదు. అంతకు ముందే, 1958లోనే లా కమిషన్ తీసేయమని రాసింది. చాలా రాష్ట్రాలు అప్పటికే వదిలించుకున్నాయి. 1974 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌లో దాని ఊసే లేదు. పార్సీల విడాకుల కోర్టుల్లో మాత్రం దాని నీడ ఇంకా ఉంది.

జ్యూరీని మళ్లీ తెస్తే బాగుంటుందా అంటారా? నా అభిప్రాయం: వద్దు. దళితుల్ని ఊచకోత కోసిన కారంచేడు, చుండూరు ఒక్కసారి తలచుకోండి. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పన్నెండు మందిని తెచ్చి కూర్చోబెడితే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు. జడ్జీలు తప్పు చేయరా అంటే చేస్తారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసి అందరినీ వదిలేసింది. కానీ కారణాలు రాయాల్సి వచ్చింది. ఆ కారణాలు చదవగలిగాం, తిట్టుకోగలిగాం, వాటిని పట్టుకుని సుప్రీంకోర్టుకి వెళ్లగలిగారు. ఒక్క మాటతో లేచిపోయే జ్యూరీ మీద అప్పీలెక్కడిది?

ఒక పక్క మాట. జ్యూరీ లేకపోయినా మన ఊళ్లు తమ పద్ధతిలో చట్టాన్ని పక్కన పెడతాయి. 1995 నుంచి 1997 దాకా ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం ఉన్నప్పుడు నేను జూనియర్ని. సారా కేసుల్లో పంచనామా మీద సంతకం పెట్టిన పెద్దమనుషులు బోనెక్కి ఒకటే పాట: "ఖాళీ కాగితం మీద పెట్టించుకున్నారు సార్, నాకేం తెలియదు." ఒక రోజు వరసగా నాలుగు కేసుల్లో నలుగురు అదే మాట అంటే మేజిస్ట్రేటుగారు పెన్ను కింద పెట్టి, "మీ ఊళ్లో అందరికీ ఒకే మాస్టారు చదువు చెప్పాడా?" అన్నారు. కోర్టంతా నవ్వింది. అమెరికాలో జ్యూరీ చేసిన పని ఇక్కడ సాక్షి చేశాడు. కాకపోతే అబద్ధం ఆడి చేశాడు, రేపు అదే అలవాటు అత్యాచారం కేసులోనూ చూపిస్తాడు.

సరే, మామూలు మనిషికి దారేది?

చెడ్డ చట్టం వేరు, రాజ్యాంగ విరుద్ధమైన చట్టం వేరు. అన్యాయంగా ఉంది, తెలివితక్కువగా ఉంది అంటే కోర్టు వినదు. చట్టసభకి ఆ విషయం మీద చట్టం చేసే అధికారం లేదనైనా చూపించాలి, లేదా ప్రాథమిక హక్కులకో రాజ్యాంగంలోని మరో నిబంధనకో అడ్డం వచ్చిందనైనా చూపించాలి. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైనంత మేరకు చట్టం చెల్లదని 13వ ఆర్టికల్ చెప్తుంది. చట్టం చెల్లుతుందనే కోర్టు మొదలుపెడుతుంది, చెల్లదని చూపించాల్సిన బరువు మీ మీదే.

మన హైదరాబాద్ ఉదాహరణే చెప్తాను. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చారు. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో రాయాలి. ఆడవేషంలో వీధిలో కనిపించినా, పాటపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, రెండేళ్ల దాకా జైలు. రాజ్యాంగం వచ్చింది, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది, "తెలంగాణ" అని పేరు కూడా తగిలించుకుంది. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టులో రిట్ వేశారు. 2023 జులైలో, సమానత్వం, జీవించే హక్కు చెప్పే 14, 21 ఆర్టికల్స్‌కి విరుద్ధమని కోర్టు దాన్ని కొట్టేసింది. ఒక్క ముద్దాయి కాదు, ఆ చట్టం కింద రేపు ఎవరూ ముద్దాయి కాకుండా పోయారు. జ్యూరీ చేయలేనిది ఇదే.

రిట్ ఒక్కటే దారి కాదు. మీ మీదే కేసుంటే ఆ కేసులోనే ఈ మాట లేవనెత్తొచ్చు. 1983లో టి. సరిత కేసు ఇలాంటిదే. కాపురానికి రావాలని భర్త కడప కోర్టులో పిటిషన్ వేశాడు. కింది కోర్టు ఉత్తర్వు మీద రివిజన్‌గా అది హైకోర్టుకి వచ్చినప్పుడు, మనసులేని భార్యని కాపురానికి పంపే ఆ సెక్షనే, అంటే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షనే, రాజ్యాంగ విరుద్ధమని వాదించారు. జస్టిస్ పి.ఎ. చౌదరి గారు ఒప్పుకుని కొట్టేశారు. 1984లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ అభిప్రాయం తప్పంది, సెక్షన్ బతికింది. కానీ ఆ తీర్పు ఇవాళ్టికీ లా కాలేజీల్లో చదువుతున్నారు. కింది కోర్టుకి చట్టాన్ని కొట్టేసే అధికారం లేదు. ఇది చెల్లదని జడ్జికి గట్టిగా అనిపిస్తే హైకోర్టుకి రిఫర్ చేయొచ్చు. అయితే నా సర్వీసులో అలా రిఫర్ చేసిన మేజిస్ట్రేటుని నేను చూడలేదు.

రిట్ వేద్దామనుకునేవాళ్లకి అనుభవం మీద కొన్ని ముక్కలు.

మీకు దెబ్బ తగలాలి, లేదా తగలబోతోందని కాగితం చూపించాలి. ఒక రిటైర్డ్ మాస్టారు సంచీనిండా కాగితాలతో వచ్చారు, ఒక చట్టం ఎంత ఘోరమైందో నలభై పేజీలు సొంతంగా రాసుకొచ్చారు. బాగా రాశారు కూడా. "మీ మీద కేసుందా, నోటీసు వచ్చిందా?" అన్నాను. లేదన్నారు. ఆగమన్నాను. ఆగలేదు, ఇంకొకరి దగ్గరికి వెళ్లి వేయించారు. అడ్మిషన్‌లోనే, అంటే విచారణకే తీసుకోకుండా, కొట్టేశారు. రెండేళ్లకి ఆయన మేనల్లుడికి అదే చట్టం కింద నోటీసు వచ్చింది. ఆ ఒక్క పేజీ పెట్టి వేస్తే కోర్టు విచారణకి తీసుకుంది. మాస్టారి నలభై పేజీల్లో ముప్పై పేజీలు నేనే వాడుకున్నాను, ఆయనకి ఆ సంతోషమైనా మిగిలింది. ప్రజాప్రయోజన వ్యాజ్యం ఉంది కదా అంటారు. ఉంది. కానీ బాధితుడు ఎదురుగా ఉన్నప్పుడు కోర్టు వినే తీరే వేరు.

కొట్టేసేదాకా చట్టం చట్టమే. రిట్ వేశాం కదా అని పాటించడం మానేస్తే కేసు పెడతారు. మొత్తం చట్టం మీద మధ్యంతర స్టే చాలా అరుదు. మీ ఒక్కరి మీద బలవంతపు చర్యలు వద్దని ఆర్డర్ అడగండి, అది దొరికే అవకాశం ఎక్కువ. కేంద్ర చట్టమైతే అటార్నీ జనరల్‌కి, రాష్ట్ర చట్టమైతే అడ్వకేట్ జనరల్‌కి నోటీసు వెళ్తుంది. ప్రభుత్వం కౌంటర్ వేయడానికి ఎన్ని వాయిదాలు అడుగుతుందో దేవుడికే తెలియాలి. ఆడవాళ్లకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఫోన్ నంబరు 15100.

గెలిచాక కూడా పని అయిపోదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాశారని జైల్లో పెట్టే ఐటీ చట్టం 66ఎ సెక్షన్ గుర్తుందా? 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ఫేస్‌బుక్‌లో ఏదో రాశారని పాల్ఘర్‌లో ఇద్దరు అమ్మాయిల్ని అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకెళ్లింది. మన ఉమ్మడి రాష్ట్రంలో కూడా 2013లో ఒక పౌరహక్కుల కార్యకర్తని ఈ సెక్షన్ కిందే లోపలేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కొట్టేసింది. దేశమంతా పండగ.

మూడేళ్ల తర్వాత, 2018లో, ఒక జిల్లా కోర్టుకి బెయిల్ పిటిషన్ మీద వెళ్లాను. రోడ్డు కాంట్రాక్టరు గురించి పోస్టు పెట్టాడని ఒక డిగ్రీ కుర్రాడి మీద కేసు. ఎఫ్‌ఐఆర్ తెరిస్తే మొదటి సెక్షనే 66ఎ. స్టేషన్ రైటర్‌ని అడిగితే, "సాఫ్ట్‌వేర్‌లో వస్తోంది సార్, లిస్టులో ఉంది కదా, నొక్కాం" అన్నాడు. అతనిలో ఏ కక్షా లేదు, నిజంగానే తెలియదు. తీర్పులో ఆఖరి రెండు పేజీలు ప్రింటు తీసి, పసుపు పెన్నుతో గీసి మేజిస్ట్రేటుగారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, ప్రాసిక్యూటర్ వైపు చూసి, "ఇది లేదంటున్నారు కదండీ" అన్నారు. ఆ సెక్షన్ పోయింది. బెదిరింపు సెక్షన్ ఒకటి మిగిలింది, దాని మీద కుర్రాడు మూడేళ్లు వాయిదాలు తిరిగి బయటపడ్డాడు. ఇలాంటివి దేశమంతా ఉన్నాయని తేలి, ఈ సెక్షన్ కింద ఎవరినీ విచారించొద్దని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అందుకే ఎఫ్‌ఐఆర్ చేతికి రాగానే నేను మొదట చూసేది ఆ సెక్షన్ ఇంకా బతికుందా అని. 2024 జులైలో ఐపీసీ, సీఆర్‌పీసీల బదులు కొత్త కోడ్‌లు వచ్చాక ఈ పని ఇంకా పెరిగింది.

కోర్టు బయటి దారి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్, మీద లాయర్లు వారాల తరబడి విధులు బహిష్కరించారు, రిట్లు పడ్డాయి, ఎన్నికల్లో పెద్ద చర్చయింది. చివరికి 2024లో అసెంబ్లీయే దాన్ని రద్దు చేసింది. కోర్టు తీర్పు దాకా వెళ్లనే లేదు. దాని మంచిచెడ్డల మీద రెండు వాదనలూ ఉన్నాయి, అది వేరే చర్చ.

మీ మెసేజ్ చివర్లో "మా ఊళ్లో ఒక చట్టం వల్ల ఇబ్బంది పడుతున్నాం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏ చట్టం, ఏ సెక్షన్, మీ పేరు మీద నోటీసు వచ్చిందా, వస్తే తేదీ ఎంత, ఇవి రాయండి. పేర్లు, సర్వే నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి. ఇక మీ అన్నయ్యని సమన్స్ మీద కౌంటీ కోర్టు అని ఉందో ఫెడరల్ అని ఉందో చూసుకోమనండి, ఎక్కడికి, ఎన్ని రోజులు అన్నది దాన్నిబట్టి మారుతుంది. ఆఫీసులో ముందే చెప్పమనండి. ఒక స్వెటర్, ఒక పుస్తకం పట్టుకెళ్లమనండి, ఆ హాళ్లలో ఏసీ దారుణంగా ఉంటుంది. చాలామందిని రోజంతా కూర్చోబెట్టి, పేరు కూడా పిలవకుండా సాయంత్రం ఇంటికి పంపేస్తారు.